రావణుడికి నాలుగు తోళ్లు

మేకతోలు అడిగిన మనిషిని మటన్ అంగడాయన ఒకటికి రెండుసార్లు చూస్తాడు. కూర అడిగితే ఎంత అంటాడు, తలకాయ అడిగితే కాల్చి ఇయ్యల్నా అంటాడు. తోలు అడిగితే మాత్రం కత్తి పక్కన పెట్టి, "దేనికి సామీ?" అంటాడు.

"బొమ్మలు చేసేదానికి."

"పిల్లోళ్లకా?"

"కాదు, నాకే."

తోలైతే ఇచ్చినాడు గానీ, ఆ ఆదివారం నుంచి నాకు కూర తూచేటప్పుడు ఒక ముక్క ఎక్కువే వేస్తున్నాడు. జాలి అనుకుంటాను.

మా ఎర్రగుంట్లలో యాభై దాటిన మగవాడికి కాలక్షేపాలు రెండే. పొద్దున షుగరు కోసం నడవడం, సాయంత్రం అరుగు మీద కూర్చుని పక్కవాడి షుగరు గురించి మాట్లాడడం. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే నేను మూడోది పట్టుకున్నాను. అది తోలుబొమ్మలాట. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇన్ని బూడిదరంగుల మధ్య పుట్టినవాడికి ఎరుపు, పసుపు మీద ఆశ పుట్టడంలో వింతేముంది?

మా వైపు పెండ్లిచీర అంటే ధర్మవరమే. పులివెందుల, కదిరి దాటుకుని ఆడవాళ్లు చీరలకు పోతారు, మగవాళ్లు సంచులు మొయ్యడానికి పోతారు. ధర్మవరానికి దగ్గరే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి కళాకారుల కుటుంబాల్లో ఇంటి మాట మరాఠీ యాసే. తెర వెనక గొంతెత్తితే మాత్రం తెలుగు ద్విపద పరుగెత్తుతుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బిరుదులు, గుర్తింపులు వచ్చినాయి గానీ తెల్లవార్లూ కూర్చుని ఆట చూసే జనం తిరిగి రాలేదు. అందుకే ఆ చేతులు ఇప్పుడు లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే పటాలు చేసి ఇల్లు నడుపుకుంటున్నాయి. మా ఆమె చీర కొనింది, నేను లాంప్‌షేడ్ కొన్నాను. రెండింటి ధరలూ ఒకరికొకరం చెప్పుకోలేదు కాబట్టి సంసారం నిలబడింది. ఆ లాంప్‌షేడ్ మీది సీతమ్మను చూస్తూ చూస్తూ, ఈమెను నడిపిస్తే ఎట్లుంటుంది అనిపించింది. రోగం అక్కడ మొదలు.

తోలు నానబెట్టాలి, బొచ్చు గీకాలి, మేకులు కొట్టి బిగువుగా లాగి ఎండబెట్టాలి. అప్పటికది వెలుగును లోపలికి రానిచ్చేంత పలుచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి ఉలితో సన్నని చిల్లులు కొట్టాలి. తెర మీద హారాలు, వడ్డాణాలు మెరిసేది ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగుతోనే. తర్వాత రంగులు. తర్వాత భుజానికి, మోచేతికి దారపు ముళ్లు. చివరికి బొమ్మ నిలబడడానికి నిలువునా చీల్చిన వెదురు బద్ద. ఇందులో ఎండబెట్టే పని ఒక్కటీ మా ఊరికి వదిలెయ్యొచ్చు. మే నెలలో మిద్దె మీద పరిచిన తోలు పొద్దు వాలేలోపల డప్పై కూర్చుంటుంది.

"ఏమయ్యా, వడియాలు పెడదామని మిద్దెక్కితే రాచ్చసులు ఎండుతాండారే!"

"రాచ్చసుడు గాదు మే, లక్ష్మణుడు."

"ఎవురైతే ఏం? కాకులకు తెలుస్తాదా? ఆయన్ను ఒక పక్కకు జరుపు, నా వడియాలకు చోటు గావల్ల."

లక్ష్మణుడు జరిగినాడు. వనవాసం చేసిన మనిషి, సర్దుకుపోతాడు.

నేను వృత్తిరీత్యా లెక్కలవాణ్ణి కాబట్టి రామాయణాన్ని కూడా జమాఖర్చుల్లోనే చూస్తాను. పది తలలు, ఇరవై చేతులున్న రావణుడికి కనీసం నాలుగు తోళ్లు కావాలి. ఒళ్లుకొకటి, కాళ్లకొకటి, చేతులకు ఆ పక్క ఈ పక్క ఒక్కోటి. రాముడు తక్కువలో అయిపోతాడు. మంచివాడి కంటే చెడ్డవాణ్ణి పోషించడమే ఖరీదు అని మా సీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పూర్వం దేవుళ్లకు జింకతోలు వాడేవాళ్లట. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది, జింక బతికిపోయింది. నా పెట్టెలో ఇప్పుడు రాముడూ రావణుడూ ఒకే మేకకు పుట్టిన అన్నదమ్ములు.

బొమ్మలు తయారైనాక పాట కావాలి. తోలుబొమ్మలవాళ్లు తరతరాలుగా నమ్ముకున్నది గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం. నాకు జిల్లా అభిమానం పొంగింది. మొల్ల మా జిల్లా ఆడబిడ్డ, బద్వేలు దగ్గరి గోపవరం ఆమెది. ఆమె పద్యాలే పాడతామన్నాను. యుద్ధం వచ్చేసరికి సంగతి తెలిసింది. బొమ్మ ఆడించేవాడు కాళ్లకు గజ్జెలు కట్టుకుని, కింద పరిచిన చెక్కల మీద ధనధన తొక్కుతూ బాణాలు వెయ్యాలి. వృత్తపద్యం చదివితే పాదం ఎక్కడ ఆగుతుందో తెలిసేలోపల ఇంద్రజిత్తు ఇంకో బాణం వేసేస్తాడు. ద్విపదకు ఆ బాధ లేదు, అడుగు వెంట అడుగు పడుతుంది. మొల్లమ్మకు దండం పెట్టుకుని బుద్ధారెడ్డి దగ్గరికి పోయినాను. ఆయనా రెడ్డే కాబట్టి మా ఊళ్లో ఎవరూ కాదనలేదు.

సంప్రదాయ మేళంలో ఇంటిల్లిపాదీ ఆటగాళ్లే. మొగుడు రావణుడైతే పెళ్లాం సీతకు గొంతు ఇస్తుంది, ఎవరో ఒకరు హార్మోనియం మీద ఉంటారు, ఇంకొకరు తాళాలు వాయిస్తారు. నా మేళంలో ఉన్నది మా ఆమె, మా బామ్మర్ది, పరీక్షలు అయిపోయిన మావాడు. మా ఆమె సీతగా పాడడానికి ఒప్పుకుంది గానీ, అశోకవనంలో రావణుణ్ణి తిట్టే చోట రామాయణంలో లేని మాటలు చాలా కలిపేది. ఆ మాటలన్నీ నేను ఇంట్లో ముందే విన్నవి. రావణుడి గొంతు నాదే కాబట్టి తెర వెనక ఎవరు ఎవర్ని తిడుతున్నారో ముందు వరసలోని ఆడవాళ్లకు చక్కగా అర్థమైంది. చప్పట్లు ఆ ఘట్టానికే ఎక్కువ.

దీపం సంగతి ఇంకో తగాదా. మావాడు ఎల్‌ఈడీ బల్బు తెచ్చినాడు. తెల్లపంచెలు కుట్టి, ముళ్లు గుచ్చి కట్టిన తెర మీద బొమ్మ బ్రహ్మాండంగా కనబడింది గానీ ప్రాణం లేదు. పాతకాలంలో ఆముదం దీపాలు పెట్టేవాళ్లు. గాలికి మంట కదిలితే బొమ్మ ఊరికే నిలబడినా ఊపిరి తీసినట్లుండేది. మళ్లీ నూనెదీపం పెట్టినాం. ఊపిరి వచ్చింది. దాంతోపాటు మసి, దోమలు, "తెరకు అంటుకుంటే ఎవురు గతి?" అని అత్తమ్మ కేకలు కూడా వచ్చినాయి. లంకాదహనం రోజు ఆమె బిందె నీళ్లతో ముందు వరసలోనే కూర్చుంది.

చేసినాం, ఆడినాం. ఇంక జనానికి తెలియజెయ్యాలి. లంకకు వారధి కట్టడం తేలికని నాకు తెలిసింది అప్పుడే. కరపత్రం వేయించినాను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటను ప్రస్తావించినాడని రాసినాను. 2008లో ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని రాసినాను. మరుసటిరోజు ఉగ్గాని తినబోతే బజ్జీలు సోమనాథుడిలోనే చుట్టి ఇచ్చినారు. తోలుబొమ్మలాట అనగానే, "రాజేంద్రప్రసాద్ సినిమా గదా, టీవీలో చూసినాం" అన్నవాళ్లు కొందరు. 2019లో ఆ పేరుతో సినిమా వచ్చిన మాట నిజమే. కాదు, అసలుదే ఆడతామంటే, "అసలుది అంటే థియేటర్లోనా?" అన్నారు.

ప్రొద్దుటూరికి పోయినాం. బంగారం ఊరు. నేను ఉలితో కళ్లు పోగొట్టుకుని చెక్కిన సీతమ్మ వడ్డాణాన్ని ఒకాయన తెర దగ్గరికి వచ్చి మరీ పరీక్షించి, "ఇది ఎన్ని తులాలు పడుతుంది ప్పా?" అన్నాడు. ఆమె నగలు మూటగట్టి ఋష్యమూక కొండ మీద విడిచినప్పుడు సభలో పుట్టిన బాధ, ఆమెను ఎత్తుకుపోయినప్పుడు కూడా పుట్టలేదు.

జమ్మలమడుగు కుర్రాళ్లు గండికోటలో ఆడితే డ్రోన్ వీడియో బాగొస్తుందన్నారు. పెన్నా లోయ అంచున తెర కట్టినాం. ఆ గాలికి హనుమంతుడు చేతిలోంచి నిజంగానే లేచినాడు. మా బామ్మర్ది తోక పట్టి ఆపకపోతే సముద్రలంఘనం అక్కడే పూర్తయ్యేది. వీడియోలో మాత్రం కోట, లోయ, మా బామ్మర్ది వీపు పడినాయి.

పులివెందుల వైపు ఒక పల్లెలో వాలివధ దగ్గర ఆట ఆగింది. చెట్టు చాటునుంచి కొట్టడం న్యాయమా కాదా అని పెద్దమనుషులు పంచాయితీ పెట్టినారు. అటు కొందరు, ఇటు కొందరు. వాలి తరఫువాళ్లే ఎక్కువ తేలినారు. రాజీ కుదిరేసరికి కోడి కూసింది, సుగ్రీవుడికి పట్టాభిషేకం జరగనే లేదు.

ఈ తిరుగుళ్లలో నాకు తెలిసొచ్చింది ఒకటుంది. జనం ఇళ్లకు పోతూ చెప్పుకునేది రాముడి గురించి కాదు, జుట్టుపోలిగాడి గురించి. జుట్టుపోలిగాడు, వాడి పెళ్లాం బంగారక్క, మధ్యలో దూరే కేతిగాడు. వీళ్లకు రామాయణంతో సంబంధం లేదు, వాల్మీకికి వీళ్లెవరో తెలియదు. కానీ తెల్లవార్లూ సాగే ఆటలో జనం తూగుతున్నారని కనిపెట్టగానే మేళగాళ్లు వీళ్లను తెర మీదికి తోసేవాళ్లు. మొగుడూ పెళ్లాం తిట్టుకోవడం, మోటు సరసం, ఆ ఊరి కరణం మీద ఒక చెణుకు, పొరుగూరి పిసినారి మీద ఒకటి. జనం లేచి కూర్చున్నాక, "ఇప్పుడు రా సామీ" అని రాముణ్ణి పిలిచేవాళ్లు. నేను కరపత్రాలు, వీడియోలు అంటూ తిరిగిన పనిని పాతకాలపు మేళం ఒక పిలకబొమ్మకు అప్పజెప్పి హాయిగా ఉండింది. దేవుళ్ల బరువు మోసేది ఈ కోతిమూకే.

అప్పటినుంచి జుట్టుపోలిగాడికి కొత్త తోలు, మంచి రంగులు, పెద్ద పిలక ఏర్పాటు చేసినాను. ఫలితం కనబడింది. ఒక సిమెంటు దుకాణం ఆయన ఆటకు డబ్బులిస్తానని వచ్చినాడు. షరతు ఒకటే. హనుమంతుడు సంజీవని కొండ బదులు సిమెంటు మూట ఎత్తుకుని రావల్ల.

"లక్ష్మణుడికి మూర్ఛ తెలియల్ల అంటే మందు గావల్లన్నా, సిమెంటు పెడితే గట్టిపడతాడు" అన్నాను.

"పోనీ, మా సిమెంటుతో కట్టినారు కాబట్టి లంక కాలలేదని చెప్పించు."

"కాలకపోతే కథ యాడిది?"

బేరం చెడేటట్లుంది. బంగారక్క గొంతు చూసుకునే మా ఆమె వంటింట్లోంచే తీర్పు చెప్పింది. కాలినాక మళ్లీ కట్టుకోవల్ల గదా అని. ఆ రాత్రి విభీషణుడి పట్టాభిషేకం కాగానే జుట్టుపోలిగాడు తెర మీదికి వచ్చి, లంక తిరిగి కట్టే కాంట్రాక్టు తనకే వచ్చిందనీ, సిమెంటు ఫలానా దుకాణంలోనే తీసుకుంటాననీ ప్రకటించినాడు. "మూట ఎంత?" అని జనంలోంచి ఎవరో అరిచినారు. దుకాణం ఆయన లేచి నిలబడి రేటు చెప్పినాడు. "ఎక్కువ చెప్తాండావు!" అని బంగారక్క తెర మీదినుంచి బేరమాడింది. పదిరూపాయలు తగ్గించేదాకా సీతారాములు పుష్పకంలోనే కూర్చుని ఉన్నారు.

ఈ సంగతి మా ఫ్యాక్టరీ యజమానికి చేరింది. పిలిపించి, "ఇన్నేండ్లు మన దగ్గర లెక్కలు రాసి, సిమెంటోళ్లకు ప్రచారం చేస్తావా? వారధికి వాడిన రాళ్లు మన నాపరాళ్లే అని చెప్పించు" అన్నాడు. సరేనన్నాను. గడప దాటేలోపల మళ్లీ పిలిచినాడు. మొహంలో దిగులు.

"అది గాదబ్బా, ఆ రాళ్లు నీళ్ల మీద తేలినాయి గదా. మన బండలు తేలతాయంటే గట్టితనం లేదని కొనేవాడు వెనక్కు పోడా?"

నిజమే. నాకు జవాబు తోచలేదు. రాళ్లు తేల్చింది రాముడే కావచ్చు, ఈ బేరం మాత్రం జుట్టుపోలిగాడే తేల్చాలి.