నైట్ షిఫ్టు బాబాయి

డొంకరాయి ప్రాజెక్టు కాలనీలో కాఫీ బాబాయి లేని కాలం ఉండదు. ఒకాయన రిటైరై రాజమండ్రి వెళ్లిపోతే ఏడాది తిరక్కుండా ఇంకొకాయన తయారవుతాడు. పవర్‌హౌస్‌లో ఉన్నది ఒకే ఒక్క 25 మెగావాట్ల యూనిట్. సీలేరు నీళ్లు దాన్ని తిప్పేసి, కాలవ పట్టుకుని పొల్లూరు వైపు పోతాయి. రాత్రంతా దానికి కాపలా కూర్చున్న బాబాయికి మెలకువగా ఉండటమే పెద్ద డ్యూటీ. అందుకని చంకలో ఫ్లాస్కు.

గంటగంటకీ లాగ్ షీట్ నింపుతాడు. బేరింగ్ వేడి ఒక్క డిగ్రీ పెరిగితే లేచి నిలబడతాడు. తన గుండె దడదడలాడితే మాత్రం "యంత్రం అదురురా అబ్బాయ్" అంటాడు. చెయ్యి వణికితే కొండగాలి. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టదు; ఇంటిమీద కోతుల గోలట. కోతులు రాని రోజున "ఇంత చడీచప్పుడూ లేదేమిటి, ఏదో జరగబోతోంది" అని లేచి కూర్చుంటాడు.

అసలు జబ్బు ఆ 'ఏదో జరగబోతోంది' దగ్గరుంది. బదిలీ వస్తుందేమోనని బెంగ. రాకపోతే పైవాళ్లు తనని మర్చిపోయారని బెంగ. బెంగ ఎక్కువైతే మనసు కుదుటపడాలి కదా, అందుకో కప్పు.

మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని 'ఇక పడుకో' అని కబురు చేస్తుంది. కెఫీన్ వెళ్లి దాని కుర్చీలో కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, కబురే అందదు. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదారు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటి కప్పు, తొమ్మిదింటికి బాబాయి దుప్పటి కప్పుకునేసరికి ఇంకా సగం డ్యూటీలోనే ఉంటుందన్నమాట. కెఫీన్ వల్ల కలిగే ఆందోళనని అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 ఒక రుగ్మతగానే రాసింది. ఆ మాట చెబితే బాబాయి, "1898లోనే మన పాములేరు లోయలో కాఫీ మొక్క పెట్టారు. ఎవడికి పిచ్చెక్కిందిరా?" అంటాడు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని తానే నాటినంత గర్వం. ఫ్లాస్కులో ఉండేది మాత్రం చికోరీ కలిపిన చవక పొడి. చికోరీలో కెఫీన్ ఉండదు కనుక, ఈ మనిషి ఇంకా నిలబడి ఉన్నాడంటే ఆ కల్తీ చలవేనని నా అనుమానం.

చివరికి పిన్నితో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు అడిగాడు: "రోజుకి ఎన్ని కాఫీలండీ?"

"రెండేనండి."

పిన్ని గట్టిగా దగ్గింది. బాబాయి లెక్కలో తప్పేం లేదు. ఇంట్లో కూర్చుని తాగినవే కాఫీలు. ఫ్లాస్కులోవి డ్యూటీ ఖాతా, క్యాంటీన్‌లోవి స్నేహం ఖాతా, ఎవరింటికైనా వెళ్తే ఇచ్చేది మర్యాద ఖాతా. ఆరోగ్యవంతుడికి రోజుకి 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదంటారు. గట్టి కాఫీ నాలుగైదు కప్పులతో అది పూర్తవుతుంది. బాబాయికి ఒక్క స్నేహం ఖాతాయే చాలు.

కొన్నాళ్లు మెల్లగా తగ్గించండి అన్నాడు డాక్టరు. మెల్లగా అనే మాట బాబాయికి వినపడలేదు. ఆ పూటే ఫ్లాస్కు అటకెక్కించాడు. మర్నాటికి తల పగిలిపోతోంది, పిన్నిమీద చిరాకు, సీలేరుమీద చిరాకు. ఉన్నపళంగా మానేస్తే ఒంటికి ఇదంతా మామూలే, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఎవరు ఆగుతారు? బడ్డీకొట్లో తలనొప్పి మాత్ర కొని వేసుకున్నాడు. అరగంటలో తల తేలికపడింది.

"చూశావుటే, కాఫీ చుక్క ముట్టకుండా తగ్గించుకున్నాను!" అని పిన్ని ముందు మీసం దువ్వాడు. ఖాళీ అట్ట తిప్పి చూశాను. పారాసిటమాల్ కింద చిన్నక్షరాల్లో కెఫీన్ అని ఉంది. చెబుదామనుకునేలోగా బాబాయి ఇంకో నాలుగు అట్టలు తెమ్మని నా చేతిలో డబ్బులు పెట్టాడు.