సైన్‌బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం:

శ్రీ సాయి న్యూ రాయల్ బాబాయ్ టిఫిన్స్ (ప్యూర్ వెజ్)
మాకు ఎచ్చటనూ బ్రాంచీలు లేవు

అవతారిక: బండి మీద ఇడ్లీలమ్ముకునే బావ, బావమరిదిని వాటాకు కలుపుకొని కొట్టులోకి మారబోతూ, పెనం కొనకముందే పేరు కోసం కూర్చున్నాడు. దేవుడి పేరుండాలని బావ, బరువుండాలని బావమరిది. డబ్బు పెట్టిన మామగారు ఎవరినీ నొప్పించలేక అన్నీ ఉంచమన్నారు. కావ్యాలకు మల్లినాథసూరి ఉన్నాడు, బోర్డులకు ఎవరూ లేరు గనక ఈ సాహసం.

ప్రతిపదార్థం:

శ్రీ = శుభకరమైన. మంగళాచరణం.

సాయి = ఇష్టదేవతాస్తుతి. అదే వీధిలో సాయి మెడికల్స్, సాయి జిరాక్స్, సాయి మొబైల్స్ ఉన్నాయి. "సాయి దగ్గర ఆపు బాబూ" అంటే ఆటో అతను "ఏ సాయండీ?" అంటాడు. శాస్త్రంలో దీన్ని అతివ్యాప్తి దోషమంటారు. పైగా ఇలాంటి పేరును నా ఒక్కడిదే అనడం కష్టం. అగరొత్తులకు రామాయణం అని పేరు పెట్టి హక్కు కోరిన కేసులో, పవిత్ర గ్రంథం పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది.

న్యూ = కొత్తదైన. "మరి పాతదేది?" అని పూర్వపక్షం. వీళ్లకు పాతది లేదు. ఊళ్లో ఇంకెవరిదో రాయల్ టిఫిన్స్ ఉంది కనుక ఈ విశేషణమని సిద్ధాంతం. వాళ్లకు కోపం రాకూడదు, వాళ్ల గిరాకీ మాత్రం రావాలి. ఇదీ కవిహృదయం. చట్టానికి ఈ హృదయం పట్టదు. ముందునుంచీ ఉన్నవాడి మంచిపేరు వాడుకుని జనాన్ని భ్రమపెడితే, అతను ట్రేడ్‌మార్కు రిజిస్టరు చేయించకపోయినా దావాకు రావచ్చు. న్యూ తగిలించినంతలో దోషపరిహారం కాదు. ఇక బోర్డు రంగు వెలిశాక ఇందులోనే విరోధాభాసం పుడుతుంది. తాత పెట్టిన న్యూను మనవడు నడుపుతున్న ఊళ్లు మనకు లేకపోలేదు.

రాయల్ = రాజులకు సంబంధించిన. నాలుగు బల్లలు, ఒక గ్రైండరు ఉన్నచోట ఇది అతిశయోక్తి. ఆ పాటి అతిశయోక్తి వ్యాపారంలో క్షమ్యమే. అసలు చిక్కు వేరు. బావాబావమరుదులు ఫర్ము రిజిస్టరు చేయించబోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం 58వ సెక్షను అడ్డొస్తుంది. ఫర్ము పేరులో క్రౌన్, ఎంపైర్, ఇంపీరియల్, కింగ్, క్వీన్ లాంటి మాటలు రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప కూడవు. ఆ జాబితాలో రాయల్ కూడా ఉంది. చక్రవర్తిగారు ఓడెక్కి పోయినా ఆయన మర్యాద సెక్షనులో కూర్చునే ఉంది! ఒక్కడే యజమాని అయితే ఈ చట్టంతో పని లేదు. కాబట్టి వదులుకోవలసింది రాయల్‌నా, బావమరిదినా అన్నది ధర్మసందేహం.

బాబాయ్ = పినతండ్రి. ఈ ప్రయోగానికి ప్రమాణం విజయవాడ గాంధీనగరంలోని బాబాయ్ హోటల్. ఇక్కడ గల్లా మీద కూర్చోబోయే బావమరిదికి ఇరవై ఆరేళ్లు. లక్ష్యార్థమే గ్రాహ్యం.

టిఫిన్స్ = ఇడ్లీ, దోసె, పూరీ, వడ. ఆకలితో వచ్చేవాడికి బోర్డు మొత్తంలో పనికొచ్చే మాట ఇదే. సరుకును వర్ణించే మాట కనుక దీన్నీ ఎవరూ సొంతం చేసుకోలేరు.

ప్యూర్ వెజ్ = స్పష్టం.

మాకు ఎచ్చటనూ బ్రాంచీలు లేవు: ఇంగ్లీషులో ఊరేగుతున్న బోర్డు ఇక్కడికొచ్చేసరికి గ్రాంథికం కట్టుకుంది. ఇంకా తెరవని కొట్టుకు బ్రాంచీలు లేవనడం నిర్వివాదం. ఎవరైనా కాపీ కొడితే బాగుండునన్న ఆశ ధ్వని.

వ్యాకరణ విశేషం: ఇది మూడు భాషల వైరిసమాసం. బాలవ్యాకరణంలో దీనికి సూత్రం దొరకదు. సాధువైన వ్యాపారనామం కావాలంటే అమృతాంజనం చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది. అమృతం, అంజనం, సవర్ణదీర్ఘసంధి. పూసుకునేదని తెలుస్తోంది, హాయినిస్తుందని తెలుస్తోంది, నోటికి తేలిగ్గా పడుతోంది. ముందు న్యూ, వెనక ఒరిజినల్ పెట్టాల్సిన అగత్యం పంతులుగారికి కలగలేదు.

పాఠాంతరం: సంఖ్యాశాస్త్రం తెలిసినాయన ఇంగ్లీషు వరుసలో టిఫిన్స్‌కు మూడో ఎఫ్ చేర్చాడు. జీఎస్టీ కాగితంలో రెండే ఉన్నాయి. ఫోనుతో స్కాన్ చేస్తే ఈ రెండు పాఠాలూ కాక, మామగారి పేరు వస్తుంది.

తాత్పర్యం: ఓ ఆకలిగొన్నవాడా! దైవకృపతో, పక్కకొట్టుతో తగాదా లేకుండా, రాజోచితంగా, మా బాబాయ్ చేతి టిఫిన్లు ఇచ్చటనే లభించును అని భావం. బావ ఇన్నేళ్లూ బండి పెట్టింది నీళ్ల ట్యాంకు కింద. ఊరంతా దాన్ని ట్యాంకు బండి అంటుంది, "ట్యాంకు బండి చట్నీ తెచ్చావా?" అని ఇళ్లల్లో అడుగుతారు. ఆ పేరు సంగతి ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు. బోర్డు రాసిన పెయింటరు మాత్రం బిల్లు మీద "ట్యాంకు బండి వాళ్ల బోర్డు, అడ్వాన్సు ముట్టింది" అని రాసుకున్నాడు.