సముద్రం నిండా ప్రశ్నార్థకాలు

మళ్ళీ మొదలైంది. కొత్త వీడియోగేమ్ ట్రైలర్ వచ్చి గంట కాలేదు, "మ్యాప్ ఎంత పెద్దదట?" అని ఒకటే జపం. పాతదానికి రెండింతలట, మూడింతలట. ప్లాట్లు అమ్మేవాళ్ళే నయం, కనీసం గజాల లెక్క చెబుతారు.

పెద్దదనమే గొప్పయితే ఆ కిరీటం 1996లోనే బెథెస్డా వాళ్ళ 'డాగర్‌ఫాల్'కి దక్కింది. దాదాపు గ్రేట్ బ్రిటన్ అంత నేల, వేల ఊళ్ళు. అన్నీ కంప్యూటర్ వండి వార్చినవే, ఒకటి చూస్తే వంద చూసినట్టే. బుద్ధొచ్చి 2002లో 'మోరోవిండ్'ని ఒక దీవికి కుదించి చేత్తో కట్టారు. అందులో దారి చూపే బాణం గుర్తే ఉండదు. ఫలానా కొండ దాటి ఎడమకు తిరగమని మనుషులే చెబుతారు. ఆ బుద్ధి నిలిస్తేగా! 2023లో 'స్టార్‌ఫీల్డ్'లో వెయ్యికి పైగా గ్రహాలు గుమ్మరించారు. దిగి చూస్తే రాళ్ళూ రప్పలూ. చంద్రుడి మీదా ఏమీ లేదు, వెళ్ళినవాళ్ళకు విసుగు పుట్టిందా అని సమర్థింపు కూడాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నా అసలు కడుపుమంట మాత్రం 'విచర్ 3' మీద. 2015 నాటి ఆ పోలండ్ ఆటని నెత్తిన పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ ఆ స్కెలిగె సముద్రం! మ్యాప్ తెరిస్తే నీళ్ళ మీద దద్దుర్లు లేచినట్టు ప్రశ్నార్థకాలు. పడవ వేసుకుని పోవాలి. తేలుతున్న పీపాలు కనబడతాయి. ఆగీ ఆగగానే సైరెన్లనే వింత జీవాలు మీద పడతాయి. వాటిని కొట్టాలి, నీళ్ళలో దూకాలి, మునగాలి, పెట్టె తెరవాలి. లోపల పనికిరాని కత్తి, నాలుగు నాణేలు. తర్వాతి గుర్తు దగ్గరా అవే పీపాలు, అవే సైరెన్లు, అదే కత్తి. చివరికి ఆ కత్తుల బరువుకి మన హీరో గెరాల్ట్ పరుగెత్తలేక కాళ్ళీడుస్తాడు.

సోలై నగర్‌లో మా వీధి చివర సముద్రమే. ఇక్కడి జాలర్లనడగండి, నీళ్ళలో ఎక్కువ భాగం ఖాళీయే అంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం కూడా ఉంది. స్కెలిగె పీపాల వేటకి మాత్రం ఏ నిషేధమూ లేదు. ఖాళీ చోటు కనబడితే ఆటగాడు పారిపోతాడని ఆ డిజైనర్లకి అంత భయం! ఈలోగా కన్నకూతురులాంటి సిరిని వైల్డ్ హంట్ అనే దండు తరుముతూనే ఉంటుంది. ఫరవాలేదు, ఆగుతుంది. గ్వెంట్ పేకాట మిగిలే ఉంది.

మళ్ళీ బెథెస్డా సంగతికొస్తే, వాళ్ళ 2006 నాటి 'ఆబ్లివియన్'లో మన లెవెల్ పెరిగేకొద్దీ దారిదోపిడీ దొంగలకీ ఖరీదైన కవచాలొస్తాయి. అమ్ముకుని హాయిగా బతకొచ్చు కదా! గుర్రానికి తొడిగే కవచానికైతే అప్పట్లో మన జేబులోంచే రెండున్నర డాలర్లు లాగారు.

ఇక్కడితో నవ్వులాట చాలు. 2018లో యూబీసాఫ్ట్ 'అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ'ని పూర్తి ధరకు అమ్మి, లెవెళ్ళు త్వరగా పెరిగే ఎక్స్‌పీ బూస్టర్‌ని ఆటలోని కొట్టులో విడిగా అమ్మింది. అంటే విసుగు పుట్టించేదీ వాళ్ళే, దాన్నుంచి విడుదల అమ్మేదీ వాళ్ళే. పగలంతా ఉద్యోగం చేసి, పిల్లలు పడుకున్నాక దొరికే ఒక్క గంటని తాకట్టు పెట్టించుకునే వ్యాపారం ఇది. దీనికి డిజైన్ అని పేరొకటా? పచ్చి దోపిడీ. "మ్యాప్ పెద్దది" అని చప్పట్లు కొట్టి ఈ దోపిడీకి దారి వేసింది మనమే.

కొత్త ట్రైలర్ చూసి ముందే బుక్ చేసినవాళ్ళకి ఒక మాట. ఆ ఆటలోని కొట్టులోనూ బూస్టర్ ఉంటుందని తెలిస్తే వెంటనే రద్దు చేసుకోండి. స్టీమ్ గేమ్ స్టోర్‌లో కొన్నదైతే, ముందే ఆడేసి ఉండకపోతే, విడుదలకు ముందు ఎప్పుడు రద్దు చేసినా డబ్బు వెనక్కి ఇస్తారు.