నేను నేనేనని ఎన్నిసార్లు చెప్పాలి?

మా రోజుల్లో బ్యాంకు సొమ్ము కొట్టేయాలంటే దొంగ బ్యాంకు దాకా రావాల్సి వచ్చేది. గుమ్మంలో తుపాకీతో మాజీ సైనికుడు, లోపల కటకటాల వెనక క్యాషియరు, ఆ వెనక ఇద్దరి తాళంచెవులు కలిస్తేగానీ తెరుచుకోని ఇనప్పెట్టె. ఇప్పటి దొంగకి ఆ శ్రమేమీ లేదు. ఇంట్లో కూర్చుని, తనే మేనేజరునని మనకి ఫోను చేస్తాడు. ‘సార్, మీ కేవైసీ గడువైపోయిందండీ, రాత్రికి ఖాతా ఆగిపోతుందండీ’ అంటాడు. వాడి మర్యాదకి ముచ్చటేస్తుంది. నా సర్వీసు మొత్తంలో ఏ మేనేజరూ ఖాతాదారుడితో అంత వినయంగా మాట్లాడగా చూడలేదు. అనుమానించడానికి అదొక్కటి చాలదూ!

కృష్ణా, గుంటూరు జిల్లాల శాఖల్లో గుమాస్తాగా చేరి హెడ్ క్యాషియరుగా రిటైరైనవాణ్ణి. అప్పట్లో ఖాతా తెరవాలంటే అప్పటికే ఖాతా ఉన్న మరొకరు పరిచయ సంతకం పెట్టాలి. ‘ఈయన నాకు తెలుసు’ అని కాగితం మీద ఒప్పుకోవడమంటే ఊళ్లో పరువు తాకట్టు పెట్టడమే, అందుకే ఎవరికి పడితే వారికి పెట్టేవారు కాదు. ఆ తర్వాత నమూనా సంతకాల కార్డు. డబ్బు తీసుకోవడానికొచ్చినవాడు ఫారమూ పాసుపుస్తకమూ ఇస్తే మేం ఇత్తడి టోకెన్ చేతిలో పెట్టేవాళ్లం. లెడ్జరులో నిల్వ చూసి, కార్డు తీసి సంతకం పోల్చి, ఆఫీసరు పాస్ చేశాక క్యాషియరు టోకెన్ నంబరు గట్టిగా పిలిచేవాడు. ఎవడైనా పరాయివాడు పుస్తకం తెచ్చి సంతకం కూడా దించేశాడనుకోండి, ‘ఏవయ్యా, రామయ్య గారి పుస్తకం నీ చేతికెలా వచ్చింది?’ అని అడగడానికి కౌంటరు వెనక ఒక మనిషి ఉండేవాడు. రెండంచెల భద్రత అని ఇప్పుడు ఊదరగొడుతున్నారే, మాది మూడంచెలది. మూడోది, నిన్ను ఎరిగిన మనిషి.

పాతదంతా బంగారమని నేననను. వణికే చేతులతో సంతకం పెట్టిన పెన్షనరు చేత మళ్లీ మళ్లీ పెట్టించి, చివరికి వేలిముద్రకి దిగిన రోజులు నాకూ తెలుసు. రెండు గంటలకి కౌంటరు మూసేస్తే పొలం మానుకొచ్చిన రైతు మర్నాడు మళ్లీ బస్సెక్కాలి. కొడుకు చదువుకి డీడీ తీసి పోస్టులో పంపి, చేరిందో లేదోనని ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు చిటికెలో చేరుతుంది. బాగానే ఉంది, కాదన్నదెవరు?

నా గొడవ వేరే. అప్పట్లో నన్ను గుర్తుపట్టే పని బ్యాంకుది. ఇప్పుడు నేను నేనేనని నిరూపించుకునే పని నాది. యూజర్ ఐడీ, పాస్‌వర్డు, వంకర అక్షరాల కాప్చా, ఓటీపీ, అది చాలదన్నట్టు ప్రొఫైల్ పాస్‌వర్డని ఇంకోటి. సరే, పడదాం. దాని మీద ఇంకో బరువు కూడా మన నెత్తినే వేశారు: అవతల ఉన్నది నిజంగా బ్యాంకేనా అని తేల్చుకోవడం. మా శాఖ మెట్లెక్కుతూ ‘ఇది బ్యాంకేనా నాయనా?’ అని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు బ్యాంకు పేరు గూగుల్లో కొడితే పైన తేలేది అసలో నకిలీయో, డెబ్బై ఏళ్లవాడు కళ్లద్దాలు తుడుచుకుని పోల్చుకోవాలట!

పైగా ఆ పేర్లయినా నిలకడగా ఉన్నాయా? 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే, 2017లో అదే తేదీన స్టేట్ బ్యాంకులో కలిసింది. మా ఈడువాళ్లు ఇప్పటికీ పాత పేర్లతోనే వెతుకుతారు. మోసగాళ్లకి కావలసిందీ అదే.

ఈ విషయంలో ఒక్క మంచిపని జరిగింది, చెప్పకపోతే పాపం. బ్యాంకులన్నీ తమ సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే చిరునామాకి 2025 అక్టోబరు 31లోగా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అది బ్యాంకులకే గానీ బయటివాళ్లకి దొరకదు. ఇచ్చేది కూడా మన హైదరాబాదు మాసబ్ ట్యాంకులో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థే. అయితే ఆ మాట చిరునామాలో ఎక్కడో మధ్యలో ఉంటే సరిపోదు, https:// తర్వాత వచ్చే మొదటి స్లాష్ (/) గీతకి సరిగ్గా ముందుండాలి. పక్కన తాళం బొమ్మ ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. మీరు టైపు చేసింది దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది, అవతలివాడు దొంగో దొరో చెప్పదు. చిరునామా ఒక్కసారి జాగ్రత్తగా చూసి స్వయంగా టైపు చేసి, దాచిపెట్టుకుని, ఎప్పుడూ అక్కణ్ణుంచే తెరవడం మేలు.

ఇక అసలు తలనొప్పి పాస్‌వర్డు కాదు, ఫోను నంబరు. మా పేటలో రిటైరైన మాస్టార్లూ రెవెన్యూవాళ్లూ సాయంత్రం అరుగు మీద చేరితే సగం మాటలు దీని మీదే. ఒకాయన పాత నంబరుకి రీచార్జి మానేశారు. మూసేసిన నంబరుని 90 రోజులు ఆపి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అంటే ఆయన ఖాతా ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ఫోనుకి పోతుందన్నమాట. సిమ్ వదిలేసే ముందు బ్యాంకులో నంబరు మార్పించుకోవాలని ఆయనకి చెప్పినవాడు లేడు. ఇంకొకాయనకి కొడుకు కొత్త ఫోను కొనిచ్చాడు. బ్యాంకు యాప్ వేసుకోబోతే ‘వెరిఫికేషన్ ఫెయిల్డ్’ అని ఒకటే మొండికేసింది. ఆ యాప్ మన సిమ్ నుంచి తనంతట తనే ఒక ఎస్ఎంఎస్ పంపి, బ్యాంకులో ఉన్న నంబరు ఈ ఫోనులోనే ఉందా అని చూసుకుంటుంది. ఆయనకి సిమ్ములు రెండు. మెసేజి పోయేది బ్యాంకుకి తెలియని సిమ్ నుంచి. సరైన సిమ్ ఎంచుకుంటే, దాంట్లో ఎస్ఎంఎస్ పంపే బ్యాలెన్సు లేదు! ఇంత చిన్న సంగతి తెరమీద తెలుగులో ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? అమెరికా వెళ్లే పిల్లలదీ ఇదే బాధ. ఇక్కడి నంబరుకి అంతర్జాతీయ రోమింగ్ తెరిపించకుండా, రీచార్జి ఆపేసి విమానమెక్కితే అక్కడ ఓటీపీ రాదు.

పాస్‌వర్డు మర్చిపోవడం వీటి ముందు చిన్న విషయం. వరసగా తప్పు కొట్టుకుంటూ పోతే ఖాతాకి తాళం పడుతుంది. అక్కడే ఆగాలి. సైటులోనే ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ ఉంటుంది, ఏటీఎం కార్డు వివరాలూ ఓటీపీ అడిగి కొత్తది పెట్టుకోనిస్తుంది. ప్రమాదమంతా అక్కడ విసిగి గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతికేవాళ్లకి. ఆ నంబరు మీ కార్డు వెనకే అచ్చయి ఉంది స్వామీ! గూగుల్లో దొరికిన ‘ఎగ్జిక్యూటివ్’ మాత్రం ‘స్క్రీన్ షేర్ యాప్ వేసుకోండి, నేను చూసిపెడతా’ అంటాడు. వాట్సాప్‌లో ఏపీకే అనే యాప్ ఫైలు పంపుతాడు. ఒకసారి అది ఫోనులో దూరి మెసేజీలు చదివే అనుమతి సంపాదిస్తే, మీరు నోరు విప్పకుండానే ఓటీపీలన్నీ వాడికి చేరతాయి. బ్యాంకులు ఖాతాదారులకి చేసే ఫోన్లకి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. అయినా నా మాటేమిటంటే, ఏ నంబరు నుంచి చేసినా ఓటీపీ అడిగాడంటే ఫోను పెట్టేయడమే.

డబ్బు పోయిందని తెలిశాక ఎవరికి చెప్పాలా అని ఇంటిల్లిపాదినీ అడుగుతూ కూర్చోకండి. ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, వెంటనే బ్యాంకుకి. మన పొరపాటుగానీ బ్యాంకు పొరపాటుగానీ లేకుండా పోయిన సొమ్ము గురించి మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడిపై భారం లేదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఉత్తర్వు ఇచ్చింది. ఓటీపీ మన నోటితో చెప్పేశామా, ఫిర్యాదు చేసే క్షణం దాకా పోయింది మన ఖాతాలోనే. గంటలు ఎందుకు లెక్కపెట్టుకోవాలో ఇప్పుడర్థమైందా?

ఇవన్నీ నాకు తెలుసు కాబట్టి నెట్టుకొస్తున్నాను. జీవితమంతా బడి పాఠాలు చెప్పిన పంతులు గారికీ, భర్త పోయాక మొదటిసారి పాసుపుస్తకం చేతిలోకి తీసుకున్న ఆవిడకీ ఎవరు చెబుతారు? శాఖకి వెళ్తే కౌంటరులో కుర్రాడు తల ఎత్తకుండా ‘యాప్‌లో చేసుకోండి సార్’ అంటాడు. యాప్ తెరుచుకోకే కదయ్యా వచ్చింది! సంతకం కలవకపోతే మేమూ విసుక్కున్నాం, కానీ మనిషిని ఎదురుగా నిలబెట్టుకునే విసుక్కున్నాం.

మేనేజరు గార్లూ, మీ శాఖలో గుమ్మం పక్కన ‘మే ఐ హెల్ప్ యూ’ అని రాసిన బల్ల ఒకటుంది. దాని వెనక ఒక మనిషిని కూర్చోబెట్టండి. తెలుగు వచ్చినవాణ్ణి, కాస్త ఓపికున్నవాణ్ణి.