ఏనుఁగుకాళ్ళ క్రింది యిసుక (టీకాతాత్పర్యసహితము)

మూలము: "మామా! ఏనుగు కాళ్ళ కింద ఇసుక నిలుస్తలేదు, జర బంక పొయ్యి."

అవతారిక: వేసవి సెలవులలో నొక మధ్యాహ్నము, చింతమడకలో మా యరుగుమీఁద పాతపేపరు పఱచుకొని, అలెగ్జాండరు నెదిర్చిన పురుషోత్తముని సేనకు రంగులు వేయుచు మా మేనల్లుఁడు పలికిన వాక్యమిది. ఆ సేనలోని భటులు 28 మిల్లీమీటర్ల పొడవువారు.

టీక: మామా = ఓ మామా; పిలిచినవాని చేతులు రంగులతో నిండియున్నవనియు, పిలువఁబడినవాఁడు ఊరక కూర్చున్నాఁడనియు ధ్వని. ఏనుగు = ఏనుఁగు; ఏకవచనము సహేతుకము. క్రీ.పూ. 326లో వితస్తాతీరమున 200 ఏనుఁగులు, ఒక్కొక్కదానికి నడుమ 100 అడుగులకుఁ దగ్గని యెడముతో, బారుదీరినవని గ్రీకు చరిత్రకారుఁడగు అరియన్ వ్రాసెను. ఆ బారు 6 కిలోమీటర్లు. 60వ వంతునకుఁ గుదించినను 100 మీటర్లు, అనఁగా అరుగు దాఁటి, వాకిలి దాఁటి, నాలుగిండ్లవారి యనుమతి వేఁడవలసిన దూరము. కావున నొక్క యేనుఁగు పెక్కింటికి బదులు నిలుచుట యీ క్రీడలో సమ్మతము.

జర = కొంచెము అని కొందఱు. అది పొసఁగదు, కొంచెమన్నది కొలత, జర యన్నది చనువు.

ఇసుక = వాక్యమునకుఁ బ్రాణమిదియే. జిగటమన్ను లేక, ఇసుకచే గట్టిపడిన చదునునేలను వెదకి పురుషోత్తముఁడు వ్యూహము పన్నెనని అరియన్ మతము. వానకు నానిన నేలలో రథములు దిగఁబడెనని రోమను చరిత్రకారుఁడగు కర్టియస్ మతము. ఏనుఁగు పీఠమునకు నిసుకయు, రథపు పీఠమునకు బురదయుఁ బూసినచో నిరువురికిని సమాధానము. అల్లుఁడు వీరి నెవ్వరిని జదివినవాఁడు కాఁడు. పొరుగింటివారు గోడ లేపుచుండుటచే ఇసుకకుప్ప చేరువ నున్నది, అంతియే.

నిలుస్తలేదు = రాలిపోవుచున్నది. కుప్పలోని యిసుకను దుమ్ముతోనే చల్లుటచే బంక దుమ్మును బట్టెను, ఇసుకను విడిచెను. కడిగి, ఎండఁబెట్టి, సన్నని జల్లెడ పట్టవలయును; 2 మిల్లీమీటర్ల రేణువు ఆ భటుని పాదముచెంత 12 సెంటీమీటర్ల బండ యగును గదా.

బంక = అంగడి తెల్లబంక నిండుకొన్నది. ఈ జిల్లాలోనే చేర్యాల నకాషీ చిత్రకారులు చింతగింజల గుజ్జును ఱంపపుపొట్టుతోఁ గలిపి బొమ్మముఖములు చేయుదురు. మందహెచ్చులవారు కాటమరాజు కథకు నిలుపు కొయ్యబొమ్మలును నకాషీల చేతివే. బొమ్మలయుద్ధమునకు ఆంగ్లరచయిత వెల్సుదొర 1913లో నియమగ్రంథము వ్రాసెనని మురియువారు ఈ వైపు జర చూడవలయును. ఊరిపేరిలోనే చింత యుండఁగా బంకకు సిద్దిపేట పోనేల? రాత్రి గింజలు నానవేసి, తెల్లవాఱి పొట్టు తీసి, రుబ్బి, ఉడికించితిమి.

తాత్పర్యము: మామా, లే.

అనుబంధము: ఇసుక నిలిచినది. ఆఱిన పిదప ముదురు గోధుమరంగు వేసి, కుంచెను గుడ్డకుఁ దుడిచి, దాదాపు పొడికుంచెతోనే లేఁతరంగు పైపైన రుద్దఁగా, రేణువు రేణువునకు నెండ తగిలినట్లయ్యెను. అంతలో రెండవ వాక్యము వెలువడెను: "మామా, నీ వేలుకు ఏనుగు అంటుకున్నది." దీనికి వ్యాఖ్య వలదు, గోరువెచ్చని నీళ్ళు చాలును.