త్రేన్పునకు తూకము

గోమయముతో వాకిలి యలికి, గోక్షీరముతో శిశువును పెంచి, గోపుచ్ఛమును పట్టుకొని వైతరణిని దాటవచ్చునని నమ్మిన దేశమున పశువు నేడు భూతాపమను మహాపరాధమునకు ముద్దాయియై నిలిచియున్నది. ఆవునకు వైతరణి దాటించిన సిఫారసైన గలదు. యమవాహనపు వంశమున బుట్టిన గేదెకు అదియు లేదు. అపరాధసాధనము త్రేన్పు. కడుపులోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టగా పుట్టెడి మీథేన్ వాయువు, హాస్యప్రియులు తలచునట్లుగాక, అత్యధికముగ నోటినుండియే వెలువడును. ఈ విషయమున శాస్త్రము సభామర్యాదను కాపాడినది. అభియోగము బొత్తిగా కల్పితమని నేననను: 2016 నాటి లెక్కలో మన వ్యవసాయరంగపు ఉద్గారములలో సగమునకు పైగా పశువుల పొట్టలనుండి వచ్చినవే.

అయితే తూచుట యెట్లు? పశువును మూసిన గదిలో నిలిపి ఊపిరిని కొలిచెడి పద్ధతి కలదు గాని, కోట్ల కొలది పశువులకు గదులు కట్టించువారెవరు? అందుచే వాతావరణమార్పును పరిశీలించెడి అంతర్జాతీయ సంఘమైన ఐపీసీసీవారు 2006లో మార్గదర్శక గ్రంథమును వెలువరించి, సొంతలెక్క లేని దేశములకై అందొక పట్టిక నిచ్చిరి. దాని ప్రకారము గేదె బరువు 300 కిలోలు, ఏటికది విడుచు మీథేన్ 55 కిలోలు. హర్యానాలో పచ్చిమేత మేసి కొండవలె బలిసిన ముర్రాయు, కృష్ణ లంకలలో గరిక కొఱికి, వేసంగిలో పిల్లిపెసర దొరికిన పండుగ చేసికొని, తక్కిన కాలమంతయు వరిగడ్డి నమిలెడి మన నాటుగేదెయు ఆ పట్టిక కంటికి సమానమే. వేదాంతులు వేయేండ్లు బోధించియు సాధింపలేని సర్వసమత్వమును ఒక గుమాస్తా ఒక గడిలో సాధించెను!

ఆవుల విషయమున మాత్రము ప్రాంతభేదమును పాటించిరి. భారత ఉపఖండపు పాడియావునకు 58 కిలోలు. ఉత్తరమెరికా ఆవునకు అంతకు రెండింతలకు పైగా. ఇది చదివి మనము మీసము మెలివేయునంతలో తక్కెడ మారును: తలకు కాదు, లీటరు పాలకు లెక్కింపుడందురు. అదే పట్టికలో ఆ యావు ఏటికి 8,400 కిలోల పాలిచ్చుచుండగా మనది 900 ఇచ్చును. కావున లీటరునకు మన యావు నాలుగింతల పాపి. దాని పేడ పొలమునకు, పిడకయై పొయ్యిలోనికి పోయినదనియు, మనుష్యుడు తినలేని గడ్డిని అది తిననిచో రైతు దానిని చేలోనే తగులబెట్టి యుండెడివాడనియు లీటరుపాత్ర కెఱుక లేదు.

ఈ తక్కెడను చేతబట్టి యొక అధికారి ఇబ్రహీంపట్నమునకు వచ్చెననుకొందము. గోదావరిజలము కృష్ణలో గలసెడి పవిత్రసంగమము చెంత నిలిచి, పాక ముందరి గేదెను చూచుచున్నాడు. వీపువెనుక, 1979 నుండి బొగ్గు కాల్చుచు నేటికి 2,560 మెగావాట్లకు పెరిగిన నార్ల తాతారావు థర్మల్ కేంద్రపు పొగగొట్టములు. భూమిని వేడెక్కించుటలో మీథేన్ నూరేండ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువునకు 28 రెట్లని పట్టినచో గేదె వార్షికపాపము 1,540 కిలోలు. బొగ్గు కరెంటు యూనిటునకు ఇంచుమించు కిలో వాయువు. కేంద్రము పూర్తిగా నడచినపుడు, గేదె ఏడాది పొడుగునా రేయనక పగలనక త్రేన్చి కూడబెట్టినదానిని ఆ గొట్టములు రెండు మూడు సెకన్లలో వెడలగ్రక్కును. అధికారి తుమ్మినాడంటే, ఆ త్రుటిలో ఒక గేదె సంవత్సరము గడచిపోయినది.

న్యూజిలాండ్ 2022లో త్రేన్పులపై సుంకము ప్రతిపాదించి, రైతులు ట్రాక్టర్లతో వీధుల కెక్కగా, 2024లో ఆ యోచన విడిచెను. డెన్మార్కు 2030 నుండి వసూలు చేయుదునని నిశ్చయించినది. ఇబ్రహీంపట్నపు గేదెకాపరికి ఈ వార్తలింకను అందలేదు. అతడు తలపాగపై బడిన బూడిదను దులుపుకొని అడిగెను:

"అయ్యా, ఆ గొట్టాన్ని కూడా కొలుస్తారాండీ?"

"దానికి వేరే శాఖ ఉందోయ్. వాళ్లు గేదెలను లెక్కపెట్టరు, మేము గొట్టాలను లెక్కపెట్టము."

"మరి మా గేదె అయిదు వందల కిలోలు తూగుతుందండీ!"

"మూడు వందలే," అని అధికారి గేదె వంక చూడకుండ వ్రాసికొనెను.