తెల్లవారితే ఏ వారం?

టికెట్ ఉంది. బెర్తు కన్ఫర్మ్ అయింది. రైలు కూడా టైముకే వచ్చింది. కాకపోతే నా రైలు వెళ్లిపోయి అప్పటికి సరిగ్గా ఇరవై నాలుగు గంటలైంది.

ప్రయాణం తేదీ 15, బయలుదేరేది 00:10 అని ఉంది టికెట్ మీద. పదిహేనో తారీఖు రాత్రి తీరిగ్గా భోంచేసి, పులిహోర పొట్లం కట్టించుకుని, పదకొండున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. బండెక్కితే నా బెర్తులో ఎవరో ముసుగుతన్ని పడుకున్నారు. లేపాను. గొడవైంది. టీసీ వచ్చి టికెట్ చూసి, నన్ను చూసి, "నిన్న రాత్రి రావాల్సింది సార్" అన్నాడు.

"ఇవాళే కదండీ పదిహేను?"

"పదహారు సార్. వచ్చి ఐదు నిమిషాలైంది."

తప్పు నాది కాదు, నా పెంపకానిది. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. అర్ధరాత్రి దొంగలా వచ్చి తేదీ మార్చేది రైల్వేవాళ్లూ, బ్యాంకులవాళ్లూ. ఈ సంగతి మన శుభలేఖలు అచ్చేసేవాళ్లకు బాగా తెలుసు. అందుకే "గురువారం రాత్రి గం. 2.47 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)" అని వేస్తారు. బ్రాకెట్లో ఆ రెండు మాటలే లేకపోతే సగం మంది చుట్టాలు ఒక రోజు ముందే దిగేవారు.

ఇక ఆ 2.47 సంగతి. నిమిషం దాటితే కొంపలు మునుగుతాయన్నట్టు పంతులుగారు వాచీ చూసుకుంటారు. జీలకర్ర బెల్లం పెట్టిస్తారు. కెమెరా కుర్రాడు "అన్నా, లైటు పడలేదు, ఇంకోసారి పెట్టండి" అంటాడు. పెడతారు! వీడియోలో శాశ్వతంగా మిగిలేది ఆ రెండోదే. దాని ముహూర్తం ఏ పంచాంగంలోనూ ఉండదు.

మధ్యలో ఆ చుక్క ఒకటి. మా ఇంటి ఫంక్షన్‌కి జనరేటర్ 3.30 గంటలు నడిచింది, గంటకు 400. నేను క్యాలిక్యులేటర్లో 3.30 నొక్కితే 1,320 వచ్చింది. జనరేటర్ అబ్బాయి వేళ్ల మీద లెక్కేసి, మూడున్నర గంటలకు 1,400 అన్నాడు. ఎనభై రూపాయలు చుక్కలో మునిగిపోయాయి.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది కూతురు పుట్టినరోజు 04/05 అని మెసేజ్ పెట్టాడు. అక్కడ ముందు నెల రాస్తారు, తర్వాత రోజు. ఏప్రిల్ 5న వాళ్లు కేకు కోసేశారు. నేను మే 4న వెయ్యి నూట పదహార్లు పంపి, నిండు నూరేళ్లూ బతకమని దీవించాను. సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే ఈ తంటా ఉండదని 1988లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మా బావమరిదికి ఇంకా చేరలేదు.

అంకెలంటే మనకు ప్రేమ లేక కాదు. మా పక్కింటాయన కారుకు 9999 కోసం వేలంలో పెట్టిన సొమ్ముతో నేనైతే ఇంకో కారు కొనేవాణ్ణి. ఆ 9999లో ఎక్కి ఆయన ఏ పెళ్లికైనా వెళ్లేది భోజనాల వేళకే. ఆయనకోసారి 1729 గురించి చెప్పాను. లండన్ శివారు పుట్నీలో జబ్బుపడి ఉన్న రామానుజన్ని చూడటానికి తోటి గణితవేత్త హార్డీ ఎక్కిన టాక్సీ నంబరది. చప్పటి నంబరని హార్డీ అంటే, కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల సంఖ్యల్లో అదే చిన్నదన్నాడు రామానుజన్. 12, 1ల ఘనాలు కలిపినా అదే, 10, 9ల ఘనాలు కలిపినా అదే.

పక్కింటాయన శ్రద్ధగా విని, "టోటల్ ఎంతొస్తుంది?" అన్నాడు.

"ఒకటి."

"అయితే మనకొద్దు."

గణితంలో ఇంకో చమత్కారం ఉంది. అసలు చప్పటి సంఖ్యే ఉండదట. ఉంటే వాటిలో అన్నిటికన్నా చిన్నది, ఆ చిన్నదనం వల్లే ఆసక్తికరమైపోతుంది కదా! ఈ మాట రవాణా శాఖ చెవిన పడనంతవరకే మనలాంటివాళ్లకు మామూలు నంబరు మామూలు ధరకు దొరికేది.

ఇప్పుడు నా టికెట్లన్నీ ముందు మా ఆవిడ చేతికి వెళ్తున్నాయి. మొన్నటిదాని మీద బాల్‌పెన్నుతో రాసిచ్చింది: "21 రాత్రి (తెల్లవారితే 22)." నాలుగు మూలలా పసుపు రాయడం ఒక్కటే తక్కువ.